కర్నూలు పాతబస్తీలో ఒక ఇల్లు, మూడు రకాల చీమలు: పని డైరీ

సోమవారం, మే నెలాఖరు

ఇళ్లల్లో చీమలు, పురుగులు పోగొట్టడం నా పని. ఫోన్ ఎత్తగానే ఒక ఇంటాయన అడిగిన మొదటి మాట, "ఎంత తీసుకుంటావన్నా, ఒకసారి మందు కొట్టి పోతే?" ఇల్లు చూడకుండా రేటు చెప్పనన్నాను. ఫోన్లోనే రేటు చెప్పేవాళ్లు ఊళ్లో ఉన్నారు. ఏ ఇంటికి పోయినా అదే మందు, అదే పంపు, కాబట్టి వాళ్ల లెక్క తేలిక. చీమల పని అట్లా కుదరదు. ఇందులో సగానికి పైగా చూడటమే ఉంటుంది, చూసినదానికి డబ్బులివ్వాలని ఎవరికీ అనిపించదు, గొడవంతా అక్కడే.

ఇల్లు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు నుంచి నది వైపు పోయే సందుల్లో ఉంది. మందపాటి రాతి గోడలు. ముందు భాగం ఎప్పుడో మట్టి మిద్దె తీసేసి స్లాబు పోశారు, వెనక సామాన్ల గది మాత్రం ఇంకా పాత మిద్దెనే. కింద అంతా బేతంచెర్ల బండలు. బండలు చూడగానే నాకు సగం అర్థమైంది. ఆ కాలంలో బండల్ని సిమెంటు మీద కాదు, ఇసుక, మట్టి పరిచి దాని మీద వేశారు. 2009 అక్టోబరు వరదలో ఈ వీధంతా మునిగింది, ఇంట్లో నీళ్లు నిలబడి తీసినాక కొన్ని బండలు కుంగినాయంట, మళ్లీ లేపి సరిచేయించలేదు. కాలితో తడితే కొన్నిచోట్ల డొల్లగా మోగుతున్నాయి. అంటే కింద ఖాళీ ఉంది, చల్లగా ఉంటుంది, వంటింటి తడి దగ్గరలోనే ఉంటుంది. మే నెలలో బయట నేల కాలిపోతుంటే చీమ ఇంకెక్కడికి పోతుంది?

ఇంట్లో ఫోన్ చేసినాయన, ఆయన భార్య (నేను అన్నా, వదినా అంటాను), ఇద్దరు పిల్లలు, అన్న వాళ్లమ్మ (అందరూ అవ్వ అంటారు, నేనూ అదే అన్నాను), ఒక పిల్లి. పిల్లి ఉందని రాసుకున్నాను. మన పనిలో ఎక్కువగా వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందులు పిల్లి ఒంటికి పడవు, కుక్క తట్టుకున్నంత కూడా పిల్లి తట్టుకోదు. పెరట్లో నీళ్ల సంపు ఉంది, అదీ రాసుకున్నాను.

రాత్రి, అదే రోజు

చీమల్ని చూడాలంటే పగలు పోయి లాభం లేదు, ముఖ్యంగా ఎండాకాలంలో. వంట అయిపోయి గట్టు తుడిచేశాక, లైట్లు తీయించి టార్చితో కూర్చున్నాను. వదినకి నవ్వొచ్చింది, "ఏంది తమ్ముడూ, దొంగ మాదిరి" అని.

వంటింట్లో సన్నవి, ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటాయేమో. తల నల్లగా, వెనక భాగమూ కాళ్లూ పాలిపోయినట్టు తెల్లగా. తెల్ల టైలు మీద నడిస్తే నల్ల చుక్క ఒక్కటే కదులుతున్నట్టు ఉంటుంది. ఒకదాన్ని వేలితో నలిపి వాసన చూశాను, పాడైన కొబ్బరి వాసన. అనుమానం లేదు, ఇది ఘోస్ట్ యాంట్, పుస్తకాల పేరు టాపినోమా మెలనోసెఫాలమ్. మన దగ్గర దీన్నీ చలిచీమే అంటారు, సన్నగా ఉన్న ప్రతిదీ చలిచీమే మనకి. సింకు కింద పైపు గోడలోకి పోయే కంత నుంచి ఒక వరస, కిటికీ చెక్క సందు నుంచి ఇంకో వరస, మిక్సీ వెనక స్విచ్ బోర్డులోంచి మూడోది. రెండో, మూడో వరసలు ఒకే గూటివా వేరేవా అన్నది ఇప్పుడే చెప్పలేను.

సామాన్ల గదిలో వేరే కథ. బుడ్డల (వేరుశనగ) మూట, జొన్నల మూట ఉన్నాయి, బండల సందుల్లోంచి సన్నటి మట్టి కుప్పలుగా ఎత్తిపోసి ఉంది, వాటి చుట్టూ ఎర్ర చీమలు. కొన్నింటికి తల పెద్దది, మధ్యలో గాడి పడినట్టు ఉంది. కుడితే మంట ఎట్లా ఉంటుందో చెప్పాల్సిన పని లేదు, నా మణికట్టు మీద గుర్తులున్నాయి.

పెరట్లో మందార చెట్టు, కొమ్మల నిండా తెల్లటి దూది లాంటి పిండినల్లి, దాని చుట్టూ గండు చీమలు. ఇవి రాత్రి పూట వసారాలోకి వస్తాయని అవ్వ చెప్పింది.

మూడు రకాలకి ఒకే మందు ఉండదు. ఇది ఇంటివాళ్లకి చెప్పడమే కష్టం.

మంగళవారం

కార్డు పరీక్ష. పాత పెళ్లిపత్రికలు ముక్కలు చేసి ఒక్కో దాని మీద ఒక చివర బెల్లం పాకం చుక్క, ఇంకో చివర శనగనూనెలో కలిపిన బుడ్డల పొడి. వంటింట్లో, సామాన్ల గదిలో, వసారాలో పెట్టి ముప్పావు గంట ఆగాను. వంటింటి చలిచీమలు పాకం చుట్టూ ఉంగరంలా చేరాయి, నూనె వైపు చూడనే లేదు. ఎర్రవి పొడి మీదకి ఎగబడ్డాయి, పాకాన్ని తాకి వదిలేశాయి. ఇంత చిన్న పనికి ఖర్చేమీ లేదు, అయినా దీన్ని చేసే మనిషిని నేను చాలా తక్కువగా చూశాను. చీమ ఏం తింటుందో తెలీకుండా దానికి మందు ఎట్లా తినిపిస్తాం?

ఆ తర్వాత ఇంట్లో కూర్చుని మాట్లాడాను, అన్న కోపంగానే ఉన్నాడు.

"అంటే ఈ రోజు కూడా మందు కొట్టవా?"

"కొట్టనన్నా. కొడితే పారిపోతాయి."

"పారిపోతే మంచిదే కదప్పా!"

"మీ వంటింట్లోంచి మీ పడగ్గదిలోకి పారిపోతాయి."

ఇది భయపెట్టడానికి అన్నది కాదు. ఈ చలిచీమల గూట్లో రాణి ఒకటే ఉండదు, చాలా ఉంటాయి. వరస మీద ఘాటైన మందు పడితే కొన్ని పని చీమలు చస్తాయి, మిగతావి ఒక రాణినీ కాసిని పిల్లల్నీ ఎత్తుకుని వేరే చోట కాపురం పెడతాయి. ఒక గూడు ఉన్నచోట నాలుగు అవుతాయి. ఈ ఇంట్లో అదే జరిగిందని నా అంచనా, ఎందుకంటే సంక్రాంతి ముందు ఎవరో వచ్చి వంటింటి నిండా కొట్టి పోయారంట, వారం రోజులు ఒక్క చీమ కనపడలేదంట, తర్వాత స్విచ్ బోర్డులోంచి మొదలైనాయంట. వాసన మాత్రం నెలంతా ఉందని వదిన అంది. కస్టమరుకి ఆ వాసనే కావాలి, వాసన వస్తే పని జరిగినట్టు. నేను ఇంట్లో మందు కొట్టను, చీమ తినేదాంట్లో కలిపి ఎరగా పెడతాను, కాబట్టి నా పనిలో వాసన ఉండదు, పైగా ఎరకి చేరి మొదటి రెండు రోజులు చీమలు ఇంకా ఎక్కువ కనపడతాయి. ఈ మాట ముందే చెప్పి కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాను, ఎందుకంటే చెప్పింది మర్చిపోతారు, ఫోన్ చేయడం మర్చిపోరు.

ఇంకా రాసినవి: చీమల మందు సుద్దతో గీసిన గీతలన్నీ తడిబట్టతో తుడిచేయాలి. ఫినాయిలు, వేపనూనె, కర్పూరం, పసుపు, ఏదీ ఎర దగ్గర వద్దు. గట్టు మీద తిండి మిగలకూడదు, చక్కెర డబ్బా నీళ్ల పళ్లెంలో పెట్టుకోండి. చీమల వరస కనపడితే మాత్రం తుడవొద్దు.

ఆ చివరిది ఎవరికీ మింగుడుపడలేదు. చీమ నడిచిన దారిలో వాసన గుర్తు వదులుతుంది, వెనక వచ్చేవి దాన్ని పట్టుకుని వస్తాయి. సబ్బునీళ్లతో తుడిస్తే ఆ గుర్తు పోతుంది. మామూలు రోజుల్లో అది మంచి పనే, నేనే చెప్తాను. ఎర పెట్టినప్పుడు మాత్రం ఆ దారే మనకి రోడ్డు.

అవ్వ విషయం వేరు. రోజూ పొద్దున్నే గడప పక్కన గుప్పెడు నూకలు వేస్తుంది, చీమలకి. ముగ్గు కూడా బియ్యప్పిండితోనే. "ఆయాలు గూడ బతకాల గదా నాయనా" అంది. నేను వాదించలేదు. నూకలు ఆపమనీ అనలేదు, గడప దగ్గర కాకుండా పెరటి గోడ అవతల వేపచెట్టు మొదట్లో వేయమన్నాను. కాసేపు ఆలోచించి, "అట్లయితే కాకులు తింటాయి" అంది. తిననీ అవ్వా అన్నాను. ఒప్పుకుంది. ఈ పనిలో నా కష్టమంతా మందు మీద కాదు, ఇట్లాంటి ఒప్పందాల మీదే పోతుంది.

బుధవారం

ఎర పెట్టిన రోజు. వంటింటికి బోరిక్ యాసిడ్, చక్కెర, నీళ్లు. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ గురించే చెప్తున్నాను, వింత మందేమీ కాదు. అర లీటరు వేడినీళ్లకి 50 గ్రాముల చక్కెర, 5 గ్రాముల బోరిక్. అంటే మందు ఒక శాతం. చూసే ప్రతి ఒక్కరూ "ఇంత తక్కువా?" అంటారు. అన్న కూడా అన్నాడు. ఎక్కువ వేస్తే తిన్న చీమ దారిలోనే చస్తుంది, గూటికి చేరదు. తక్కువగా ఉంటే కడుపు నింపుకుని పోయి, నోటితో నోటికి పక్క చీమకి పెడుతుంది, అది ఇంకోదానికి, చివరికి పిల్లలకి, రాణికి. మనకి కనపడే చీమలు గూటిలో కొద్ది వంతే, మిగతావన్నీ లోపల ఉండి బయటివాళ్లు తెచ్చింది తింటుంటాయి. ఆ లోపలివాటికి మందు అందాలంటే మోసుకుపోయేవాటిని చంపకూడదు.

ఎర నీళ్లుగానే ఎందుకు పెట్టానంటే, ఎదిగిన చీమ గట్టి పదార్థం మింగలేదు, దాని గొంతులో జల్లెడ లాంటి ఏర్పాటు ఉంటుంది, ద్రవమే లోపలికి పోతుంది. గట్టివి తెచ్చి గూట్లో పిల్లలకి వేస్తే అవి అరిగించుకుంటాయి. సామాన్ల గదిలో ఈ విషయమే పనికొస్తుంది, అక్కడ వేరే ఎర.

సీసా మూతల్లో దూది పెట్టి, దూది తడిసేటట్టు పోశాను. సింకు కింద, కిటికీ మూల, మిక్సీ వెనక. స్విచ్ బోర్డు దగ్గర ద్రవం పెట్టడానికి నాకు ధైర్యం లేదు, షాకు కొడితే ఎవరు జవాబు చెప్తారు, అక్కడ చీమలకని అమ్మే జెల్ చిన్న చుక్కలు బోర్డు బయట, ప్లాస్టిక్ ముక్క మీద పెట్టి అంటించాను. బొద్దింకల జెల్ పెట్టమని కొందరు అడుగుతుంటారు, నేను పెట్టను. అందులో మందు మోతాదు బొద్దింక ఒంటికి తగ్గట్టు ఉంటుంది, చీమకి అది చాలా ఎక్కువ, పైన చెప్పిన కథే మళ్లీ.

ఇంట్లో ఉన్న పిల్లల సంగతి కూడా చెప్పాను. చిన్నవాడికి మూడేళ్లు ఉంటాయి, దేన్నైనా నోట్లో పెట్టుకునే వయసు. బోరిక్ చక్కెర నీళ్లు తియ్యగా ఉంటాయి, అందుకే మూతల మీద చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా బోర్లించి టేపు వేశాను, మిగిలిన సీసా మీద పెద్దక్షరాలతో "విషం" అని రాసి నాతోనే తెచ్చేశాను. ఇంట్లో వదలను, కూల్‌డ్రింకు సీసాలో అసలే పోయను.

అన్న మందు సీసాలు చూపించమన్నాడు, చూపించాను. కొనేవాళ్లు ఇది అడగడం నేర్చుకోవాలి. సీసా మీద డైమండు గుర్తు ఉంటుంది, కింది సగం రంగు చూస్తే చాలు: ఎరుపు అన్నిటికంటే ఎక్కువ విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎవరైనా లేబుల్ లేని సీసాతో వచ్చి ఇంట్లో కొడతానంటే గడప దగ్గరే ఆపేయాలి. పురుగుమందుల చట్టం 1968 నాటిది, దాని నియమాలు 1971 నాటివి, వాటి ప్రకారం ఇళ్లల్లో మందు కొట్టే పనికి లైసెన్సు ఉండాలి. అదీ అడగొచ్చు, నాలాంటివాళ్లకి అడిగితే కోపం రాదు.

గురువారం

అనుకున్నట్టే పొద్దున ఆరింటికి ఫోన్. "అన్నా, వంటింట్లో తిరనాళ్ల మాదిరి ఉంది!" ఫోటో కూడా పంపాడు. మూత చుట్టూ నల్లగా, దూది కనపడట్లేదు. నాకైతే ఆ ఫోటో చూసి సంతోషమేసింది. ఫ్రిజ్ మీద కాగితం చదవమన్నాను. పది నిమిషాల తర్వాత వదిన ఫోన్: అవ్వ చీపురు తీసుకుని నిలబడిందంట, తమ్ముడూ నువ్వే చెప్పు అని. అవ్వకి ఫోనిప్పించి, అవి విందు తింటున్నాయి, తినే పంక్తిలోంచి ఎవరినీ లేపకూడదు గదా అన్నాను. అది పనిచేసింది. నా అసలు కారణం ఇది కాదు, కానీ ఆమెకి బోరిక్ యాసిడ్ కథ చెప్పడం కంటే ఇది తొందరగా అయింది.

ఆదివారం

కిటికీ వరస ఆగిపోయింది. సింకు కింద అక్కడక్కడా నాలుగైదు. మిక్సీ వెనక మాత్రం అట్లే ఉన్నాయి, జెల్ చుక్కలు తిన్నట్టు లేదు, ఎండిపోయి పైపొర గట్టిపడ్డాయి. ఈ ఎండకి జెల్ ఒక్క రోజులోనే తోలు కడుతుంది, ద్రవం సగం ఆవిరవుతుంది. ఆవిరైతే మందు శాతం పెరుగుతుంది కూడా, ఒక శాతం అనుకుని పెట్టింది రెండు అవుతుంది. అందుకే పాత దూది తీసేసి కొత్తది పెట్టాలి, పాతదాని మీద నీళ్లు పోసి సరిపెట్టకూడదు. రెండు మూడు రోజులకి చక్కెర నీళ్లు పులిసి వాసన వస్తాయి, పులిస్తే చీమ తినదు.

జెల్ చుక్కలు మార్చి, సాయంత్రం ఎండ తగ్గాక పెట్టాను. ఒక పెద్ద చుక్క బదులు సన్నవి చాలా. అన్న మొహంలో కొంచెం వెలుగు. టీ ఇచ్చారు, మొదటి రోజు ఇవ్వలేదు.

సామాన్ల గది, వేరే వారం

ఇక్కడే ఎక్కువ రోజులు పట్టింది, ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఎర్ర చీమ మట్టిలో గూడు పెట్టే రకం. పేరు సొలెనాప్సిస్ జెమినాటా, పెద్ద తల ఉన్నవి గింజలు పగలగొట్టడానికి. గింజలు దాచుకోవడం దీనికి అలవాటు. బుడ్డలు, జొన్నలు ఉన్న గది దీనికి కల్పవృక్షం. మొదట చేసింది మందు పని కాదు, మూటలు నేల మీద నుంచి లేపడం. చెక్క బల్ల వేసి, బల్ల కాళ్ల కింద నీళ్లు పోసిన డబ్బాలు పెట్టాం, మూటలు గోడకి ఆనకుండా జరిపాం. అవ్వ చెప్పింది, వాళ్లత్తగారి కాలంలో నూనె కూజాలకి ఇట్లాగే చేసేవాళ్లంట. మూటలు జరిపితే కింద పగిలిన బుడ్డల పొట్టు, ఎలుక రెట్టలు. ఎలుకల పని వేరే రేటు, ఆ సంగతి తర్వాత.

ఇక ఎర. వేయించిన బుడ్డలు మెత్తగా దంచి, సన్నగా నూరిన బోరిక్ కొంచెం కలిపి ముద్ద చేశాను. నూనెలో బోరిక్ కరగదు, అందుకే మెత్తగా ఉండాలి, గరుకుగా ఉంటే చీమ మందు రేణువులు పక్కన పెట్టి తిండి మాత్రం తీసుకుపోతుంది. నిజంగా పెడుతుంది, టార్చి వేసి చూస్తే తెలుస్తుంది. ఈ ముద్ద గూట్లోని చీమ పిల్లలకి పోవాలి, వాటి నోటి నుంచి మళ్లీ పెద్దవాటికి రావాలి, అందుకే చక్కెర నీళ్లంత తొందరగా పనిచేయదు. కొన్ని గూళ్లు ఆగాయి, ఇంకొన్ని అసలు పట్టించుకోలేదు, ఎందుకంటే మూటల కింద రాలిన గింజలు ఇంకా ఉన్నాయి వాటికి. గది మొత్తం ఊడ్పించి, బండల సందుల్లో ఇరుక్కున్న గింజలు కూడా తీయించాక ముద్ద మీదకి వచ్చాయి. ఆకలి లేని చీమకి ఎర పెట్టి లాభం లేదు.

అన్న వేడినీళ్లు పోద్దామా అన్నాడు. పెరట్లో గూడు కనపడితే మరిగే నీళ్లు పోయొచ్చు, కొంతవరకు పనిచేస్తుంది, రాణి లోతులో ఉంటే మిగిలిపోతుంది. ఇంట్లో బండల కింద మాత్రం వద్దు, ఇప్పటికే డొల్లగా ఉన్నచోట నీళ్లు పోస్తే ఉన్న ఇసుక కూడా కుంగుతుంది.

జూన్, వాన పడిన మర్నాడు

మృగశిర ఇంకా రాలేదు గానీ రాత్రి గట్టిగానే కొట్టింది. పొద్దున వసారా నిండా రెక్కలు రాలి ఉన్నాయి, వదిన గొంతులో టెన్షన్, "చెదలు పట్టినాయి తమ్ముడూ, తలుపులన్నీ పోతాయి." పోయి చూశాను. ఇది ప్రతి తొలకరికీ వచ్చే ఫోనే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

రెక్కల పురుగు కనపడితే మూడు చూడాలి. నడుము సన్నగా నొక్కినట్టు ఉంటే చీమ, ముందూ వెనకా ఒకే లావుగా ఉంటే ఉసిళ్లు, అంటే చెద. మీసాలు మధ్యలో మోచేతిలా వంగి ఉంటే చీమ, తిన్నగా ఉంటే చెద. చీమకి ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. చెదకి నాలుగూ ఒకే పొడవు, ముట్టుకుంటే రాలిపోతాయి. ఇక్కడ రాలిన రెక్కలన్నీ ఒకే పొడవే, కాబట్టి వదిన చెప్పింది తప్పేమీ కాదు, ఉసిళ్లే. కానీ అవి ఇంట్లోంచి రాలేదు, వీధి లైటు కిందకి ఎక్కడెక్కడినుంచో వచ్చి లోపల పడ్డవి. తలుపు చట్రాలు, దూలాలు స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూశాను, ఎక్కడా డొల్ల శబ్దం లేదు, గోడ మీద మట్టి గొట్టాలూ లేవు. చెద పని చేయాల్సిన అవసరం లేదని చెప్పాను. చెద మందంటే బండలకి చిల్లులు పెట్టి పోసే పెద్ద పని, నాకు బాగానే గిట్టుబాటు అయ్యేది. లేని రోగానికి మందు ఇస్తే తర్వాత ఆ వీధిలోకి పోలేం.

అదే వానకి బండల సందుల్లోంచి చలిచీమలు తెల్లటివి నోట కరుచుకుని గోడ ఎక్కుతున్నాయి. అవ్వ "గుడ్లు మోస్తాండాయి, ఇంకా వాన ఉంటాది" అంది. అవి గుడ్లు కావు, చీమ పిల్లలు, కొన్ని ప్యూపాలు, అంటే పిల్ల పెద్ద చీమగా మారే మధ్య దశ. గుడ్డు అయితే మన కంటికి సరిగా ఆనదు కూడా. కింద తడి వచ్చి మెరకకి మారుతున్నాయి. వాన సంగతి అవ్వ చెప్పినట్టే అయింది, సాయంత్రం మళ్లీ పడింది. నాకు పనికొచ్చింది ఏంటంటే, అవి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో కనపడింది: వంటింటికీ పడగ్గదికీ మధ్య గోడ మొదట్లో ఒక పగిలిన బండ. ఇన్ని రోజులుగా వెతుకుతున్న గూడు అది. అక్కడ కొత్త ఎర పెట్టాను.

మందార చెట్టు

గండు చీమల కోసం మందు వాడలేదు. ఇవి చెక్క తినవు, ఇంటికి చేసే నష్టం దాదాపు ఏమీ లేదు, కొరికితే నొప్పి, అంతే. వసారాలోకి ఎందుకు వస్తున్నాయంటే మందార కొమ్మలు వసారా కమ్మీల్ని తాకుతున్నాయి, అది వాటికి వంతెన. చెట్టు మీదకి ఎందుకు వస్తున్నాయంటే పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం. చీమలు పిండినల్లిని కాపలా కాస్తాయి, దాన్ని తినే పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. అంటే చీమ ఉన్నంతకాలం పిండినల్లి పోదు, పిండినల్లి ఉన్నంతకాలం చీమ పోదు.

కమ్మీల్ని తాకే కొమ్మలు కొట్టించాను. బాగా పట్టిన చివర్లు కోసి సంచిలో కట్టి పారేశాం. మిగతా చెట్టుకి పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి, సబ్బునీళ్లలో వేపనూనె కలిపి పిచికారీ. చెట్టు మొదలు చుట్టూ గుడ్డ చుట్టి దాని మీద గ్రీజు. వదిన పూజకి పూలు కోసుకుంటుంది కాబట్టి ఇక్కడ అసలు మందు వద్దనుకున్నాను.

సందులు పూడ్చడం, బయట పిచికారీ

అందరూ మొదటి రోజే చేయమనే పని ఇది, నేను చివరికి పెట్టుకుంటాను. గూడు బతికుండగా కన్నం మూస్తే చీమ ఇంకో కన్నం చేసుకుంటుంది, ఎక్కడ చేసుకుంటుందో మన చేతిలో ఉండదు. వంటింట్లో వరసలు పూర్తిగా ఆగి, కార్డు మీద పాకం పెట్టినా ఒక్కటి రాకపోయాక మూయించాను. సింకు పైపు చుట్టూ సిలికాన్. కిటికీ చెక్కకీ గోడకీ మధ్య వైట్ సిమెంటు. పగిలిన బండని మేస్త్రి లేపితే కింద అరచేతి లోతు ఖాళీ, చచ్చిన చీమలు, మట్టి. ఇసుకా సిమెంటూ నింపి మళ్లీ వేశాడు. మేస్త్రి ఖర్చు అన్నదే, ముందే చెప్పుకున్నాం.

పిచికారీ ఇంటి బయట మాత్రమే, గోడ మొదట్లో సన్నటి పట్టీ, సంపు మూత నుంచి దూరంగా. పిచికారీకి వాడే డెల్టామెత్రిన్ లాంటి మందులు నీళ్లలో పడితే చేపలకి చాలా ప్రమాదం, మనం తాగే నీళ్ల దగ్గర వాడకూడదన్నది సరే సరి. సంపు పక్కన ఉన్న గోడకి అసలు కొట్టలేదు. మందు ఆరేదాకా పిల్లిని గదిలో పెట్టించాం, అది ఆ గంటా అరుస్తూనే ఉంది. అన్న మాత్రం పంపు చూడగానే హుషారయ్యాడు, "ఇదిగో, ఇదీ పని" అని. ఈ మొత్తం పనిలో అన్నిటికంటే తక్కువ పనిచేసేది ఆ పంపే అని చెప్పాలనిపించింది, చెప్పలేదు, డబ్బులు ఇంకా రావాలి.

జూలై

వంటింట్లో చీమ లేదు. చక్కెర డబ్బా నీళ్ల పళ్లెం నుంచి బయటికొచ్చింది. స్విచ్ బోర్డు దగ్గర ఒకటి రెండు కనపడ్డాయన్నారు, జెల్ మళ్లీ పెట్టాను, ఎలక్ట్రీషియన్‌తో బోర్డు విప్పించి లోపల తుడిపించి గొట్టం చివర మూయించమని చెప్పాను, ఇంకా పిలవలేదు.

సామాన్ల గదిలో ఎర్రచీమ తగ్గింది గానీ పోలేదు. పెరటి గోడ అవతల ఖాళీ జాగాలో గూళ్లు ఉన్నాయి, ఆ జాగా వేరేవాళ్లది, వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. అక్కడ నుంచి వస్తూనే ఉంటాయి. అన్నకి ఈ మాట కాగితం మీదే రాసిచ్చాను: ఈ రకానికి "మళ్లీ రావు" అనే గ్యారంటీ నేను ఇవ్వను. మూటలు బల్ల మీదే ఉంచండి, డబ్బాల్లో నీళ్లు ఎండనీయొద్దు, దోమలు పెట్టకుండా వారానికోసారి మార్చండి, కొత్త బుడ్డలు వచ్చినప్పుడు ముందు ఎండబెట్టి జల్లెడ పట్టి లోపల పెట్టండి.

డబ్బులు సగం ముందే ఇచ్చారు, మిగతా సగం ఇప్పుడిచ్చారు, బేరం ఆడకుండా. పక్కింటివాళ్లు కూడా అడిగారంట, "ఆయన వచ్చి కూర్చుని చూస్తాడు, రెండు రోజులు చీమలు ఎక్కువైతాయి, ఓర్చుకోవాల" అని వదిన చెప్పిందంట. ఇంతకంటే మంచి ప్రచారం నాకు తెలీదు. పక్కింటికి శుక్రవారం రాత్రి టార్చి తీసుకుని పోవాలి. ఈ ఇంటికి ఎలుకల రేటు ఇంకా చెప్పలేదు, అదీ ఆ రోజే.